లేని మనిషి ఇచ్చిన జవాబు

మా వీధిలో ఎవరి ఇంటికైనా తాళం వేసివుంటే, వచ్చినవాడు ఊరకే వెనక్కు పోడు. పక్కింటి అరుగు మీది అవ్వ పలకరిస్తుంది. "ఊరికి పోయినారప్పా, బేస్తవారం వస్తారు. ఏం పని?" అంటుంది. ఆ చివరి రెండు మాటల గురించే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

నేను చదివింది బి.కాం. ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో ఖాతాలు, వడ్డీలు, నగల అప్పుల మధ్య బ్రతుకుతున్నవాణ్ణి. నీతిశాస్త్రం నాకు తెలియదు. ఐనా ఒక చిన్న సంగతి కొన్ని నెలలుగా నన్ను వదలడం లేదు.

మా అమ్మాయి పెళ్ళికి పది రోజులు సెలవు పెట్టాను. ఈ-మెయిలులో, మనం లేనప్పుడు వచ్చిన ఉత్తరాలకు దానంతట అదే జవాబిచ్చే ఏర్పాటు ఒకటుంది. సెలవు పెట్టే ప్రతి ఆఫీసరూ చేసినట్టే నేనూ దానిలో తేదీలు వేసి, ఇంగ్లీషులో మూడు వాక్యాలు రాశాను. నేను సెలవులో ఉన్నాను. మీ మెయిలు అందింది. రాగానే తప్పక చూస్తాను. చాలా మర్యాదగా రాశాననే అనుకొన్నాను.

మత్తూరు పక్క పల్లెలోని ఒక రైతు కొడుకు కోయంబత్తూరులో ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువు అప్పు మా శాఖలోనే. రెండో ఏడాది కంతు విడుదల చేయమని, కాలేజీవాళ్ళు ఇచ్చిన ఫీజు చీటీ జతచేసి, నేను పెళ్ళి పందిట్లో ఉన్న రోజున మెయిలు పంపాడు. నిముషంలో నా జవాబు వెళ్ళింది. "సారు జవాబిచ్చినారు నాయనా, చూస్తామన్నారు" అని తండ్రికి ఫోనులో చెప్పాడు. తండ్రి నిశ్చింతగా మామిడి తోట పనిలో పడిపోయాడు. నాలుగు రోజులాగి పిల్లవాడు ఇంకొక మెయిలు పెట్టాడు. దానికి జవాబే రాలేదు. ముందే చెప్పినారు గదా, పని జరుగుతూ ఉంటుందిలే అనుకొన్నాడు. గడువు ముగిసే రోజు రెండో శనివారం. బ్యాంకు లేదు. తండ్రి సేటు అంగడికి పరుగెత్తి భార్య కమ్మలు కుదువ పెట్టి ఫీజు కట్టాడు.

సోమవారం నేను పనిలో చేరగానే చేసిన మొదటి పని ఆ కంతు విడుదల చేయడం. అరగంట పని. నా కుర్చీలో ఆ పది రోజులూ వేరొక ఆఫీసరు కూర్చొనే ఉన్నాడు. ఆయన పల్లె నుండి మా శాఖకు బస్సులో ఇరవై నిముషాలు. ఆయన నా మీద కోపం కూడా చేయలేదు. "మీరు జవాబు ఇయ్యకుండా ఉండింటే నేనే వచ్చి ఉందును సారూ" అన్నాడు, అంతే.

మౌనం మనిషిని లేపి నడిపిస్తుంది, ఏమైందో కనుక్కొందామని గడప దాటిస్తుంది. నా జవాబు ఆయన్ను కూర్చోబెట్టింది. జవాబివ్వకపోవడం తప్పు అని చిన్నప్పటి నుండి విన్నాను. ఇచ్చిన జవాబే తప్పు కావచ్చునన్నది ఈ వయసులో తెలిసింది.

రెండో మెయిలుకు జవాబెందుకు రాలేదు? విచారిస్తే తెలిసింది, యంత్రం తన ధర్మం తాను చక్కగా పాటించింది. 1980 దశకంలో అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం వైపు నుండి ఎరిక్ ఆల్మన్ రాసిన 'వెకేషన్' అనే చిన్న ప్రోగ్రాముతో ఈ వాడుక బాగా వ్యాపించింది. 2004 ఆగస్టులో ఇంటర్నెట్ ఇంజనీర్లు 3834 అనే నంబరుతో ఒక పత్రం వెలువరించి, ఇలాంటి యంత్రాలకు మర్యాదలు నేర్పారు. తనవంటి యంత్రం పంపిన ఉత్తరానికి జవాబివ్వకు. నిన్ను పేరుపెట్టి పిలవని చోట మాట్లాడకు. ఒకే మనిషికి మళ్ళీమళ్ళీ అదే మాట చెప్పకు. 2008లో వచ్చిన ఇంకొక పత్రం, వేరే గడువు చెప్పకపోతే ఏడు రోజుల్లో ఒక్కసారే అని లెక్క కూడా కట్టింది. మా సర్వరు ఐతే ఒక మనిషికి ఆ సెలవు మొత్తానికీ ఒక్కసారే చెబుతుంది. ఈ కట్టుబాట్లు లేకపోతే సెలవులో ఉన్న ఇద్దరు ఆఫీసర్ల యంత్రాలు "నేను లేను", "నేనూ లేను" అని రాత్రింబవళ్ళు చెప్పుకొంటూనే ఉంటాయి. భోజనాల దగ్గర "మీరు ముందు" అంటే "కాదు, మీరు ముందు" అని నిలబడిపోయే పెద్దమనుషుల్లాగ.

ఇంత ఆలోచించిన ఇంజనీర్లను నేను తప్పుపట్టను. ఎప్పుడు పలకాలో యంత్రానికి వాళ్ళు చెప్పారు. ఏం పలకాలో చెప్పవలసినవాణ్ణి నేను.

"సెలవులో ఉన్నానని రాసినారు గదా సార్, చదువుకొన్న పిల్లవాడికి ఆ మాత్రం అర్థం కావద్దా?" అని మా శాఖలోని ఒక మిత్రుడు నన్ను ఓదార్చాడు. ఒప్పుకోలేకపోయాను. "అందింది" అన్నాను. ఎవరికి అందింది? సర్వరుకు అందింది, నాకు కాదు. "తప్పక చూస్తాను" అన్నాను. దేనిని? ఆ పిల్లవాడు ఏమడిగాడో తెలియకముందే, అడుగుతాడని కూడా తెలియకముందే ఒప్పుకొన్నాను. ఖాతాలో పైసా లేకుండా, మొత్తం వేయకుండా, చెక్కుల మీద సంతకాలు చేసి వీధిలో పంచినట్టు. ఎవరైనా ఖాతాదారు ఆ పని చేస్తే నేను ఊరుకొంటానా?

చట్టం నన్ను ఇంకా గట్టిగా పట్టుకొంటుంది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 11వ సెక్షను ప్రకారం, మన తరపున తానుగా పనిచేసేట్టు అమర్చిన వ్యవస్థ పంపిన సందేశం మనం పంపినట్టే లెక్క. 12వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, యంత్రం పంపిన జవాబైనా సరే ముట్టినట్టు రసీదే. "అది కంప్యూటరు చెప్పింది, నేను చెప్పలేదు" అనే సాకు నాకు లేదు.

హోసూరు వైపు వారికి మోటారు కంపెనీలు కొత్త కాదు. జర్మనీలోని డైమ్లర్ మోటారు కంపెనీ సంగతి ఒకటి 2014లో పత్రికల్లో వచ్చింది. అక్కడి ఉద్యోగి కోరుకొంటే, సెలవులో వచ్చిన మెయిలును యంత్రం చెరిపేస్తుంది. చెరిపేశానని పంపినవారికి చెబుతుంది. తొందరైతే ఫలానావారిని అడగండి అంటుంది. వినగానే ఎంత మొరటు అనిపించింది. ఇప్పుడు చూస్తే నా మర్యాదకన్నా ఆ మొరటుతనమే మేలు. ఆ రైతుకు ఆ మాటే వెళ్ళివుంటే మరునాడే బస్సెక్కి ఉండేవాడు.

మన వంటి భాషా అల్పసంఖ్యాకులు వినవలసిన కథ ఇంకొకటి ఉంది. వేల్స్ దేశంలో వెల్ష్ భాష మనదిలాగే పెద్ద భాష పక్కన బ్రతికేది. అక్కడ స్వాన్సీ నగరంలో పెద్ద లారీలు రాకూడదని చెప్పే బోర్డు పెట్టడానికి, ఇంగ్లీషు మాటను అనువాదకుడికి మెయిలు చేశారు. వెంటనే వెల్ష్‌లో జవాబు వచ్చింది. దానిని అలాగే ఇంగ్లీషు కింద అచ్చువేసి రోడ్డు పక్కన నిలబెట్టారు. దాని అర్థం, నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించవలసింది ఏదైనా ఉంటే పంపండి, అని. 2008లో ఆ భాష చదవగలవారు చూసేవరకు ఎవరికీ తెలియలేదు. లోకం నవ్వింది. నేనూ నవ్వాను. తరువాత గుచ్చుకొంది. మన లిపి ఒక పలక మీద ఉంటే చాలు, చదివేవాడు అక్కర లేదు అనుకొనే కార్యాలయాలు వేల్స్‌లోనే ఉన్నాయా?

మన రాజ్యాంగం 350వ అధికరణం, కేంద్రంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చే హక్కును ప్రతి మనిషికీ ఇచ్చింది. జవాబు ఏ భాషలో రావాలో అందులో లేదు. (హిందీలో వచ్చిన ఉత్తరానికి హిందీలోనే జవాబివ్వాలని కేంద్ర కార్యాలయాలకు 1976 నాటి అధికార భాషా నియమాలు చెబుతాయి. ఆ నియమాలు తమిళనాడుకు వర్తించవు. అది వేరే కథ.) ఆ రైతుకు ఇంగ్లీషు రాదు. నా మూడు వాక్యాలూ కొడుకు నోటి మీదుగా, కొడుకు ఆశ కలిసి, "చూస్తామన్నారు"గా మారి ఆయనకు చేరాయి. ఆయన చెవికి నేరుగా చేరే తెలుగు నాకు వచ్చు. ఆ యంత్రంలో తెలుగు అక్షరాలూ పడతాయి. రాయాలని నాకు తోచనే లేదు.

మొన్న శివరాత్రికి ఊరికి పోయేటప్పుడు తమిళంలోనూ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిపెట్టాను. "ఫలానా తేదీ వరకు నేను లేను. మీ మెయిలును ఎవరూ చదవలేదు. తొందరైతే శాఖకు రండి, నా చోట వేరే ఆఫీసరు ఉంటారు." తమిళం సరిచూసిన మిత్రుడు, "ఎవరూ చదవలేదంటే బ్యాంకు పరువేం కావాలి సార్?" అన్నాడు. పైనుంచి కూడా ఆ వాక్యం తీసెయ్యమని ఒక ఫోను వచ్చింది. ఇంకా తీయలేదు. వాళ్ళు మళ్ళీ అడిగితే ఏమంటానో చూడాలి.

తిరిగి వచ్చేటప్పటికి నా బల్ల మీద గుండుసూది గుచ్చిన చీటీలు ఉన్నాయి. వచ్చినవాళ్ళ పేర్లు, పనులు, అయినవాటికి టిక్కులు. ఒకదాని మీద ఆ ఆఫీసరు రాసివుంచాడు: "ఏం పని అని అడిగాను. మీతోనే చెబుతాడట. రేపు వస్తాడు."