దూరపు పొరుగువాడు

తన పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రోపదేశకుడు మన ప్రభువును అడిగెను. నేడు ఆ ప్రశ్న మన పిల్లల బడిగదిలోనికి వచ్చియున్నది. ఒక దేశపు తరగతి మరియొక దేశపు తరగతితో అంతర్జాలము ద్వారా కలిసి పాఠములు నేర్చుకొనుచున్నది. వేల మైళ్ల ఆవలనున్న బాలుని ముఖము తెరమీద కనబడినంతమాత్రమున అతడు మనకు పొరుగువాడగునా? ప్రియ చదువరులారా, ఈ సంగతిని రంగత్ అను చిన్న ఊరియందు నిలిచి ఆలోచింతము.

రంగత్ మధ్య అండమాను దీవిలోనిది. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలునుండి వచ్చిన శరణార్థులకు ప్రభుత్వము మధ్య అండమానులో భూములిచ్చి నివాసము కల్పించెను. బెంగాలీలు, తెలుగువారు, తమిళులు, రాంచీ ప్రాంతపు ఆదివాసులు ఈ దీవులలో కలిసి జీవించుచున్నారు. చాలకాలము ఇక్కడికి అంతర్జాలము ఉపగ్రహముల ద్వారా కొద్దికొద్దిగా చేరుచుండెను. 2020 ఆగస్టు 10న ప్రారంభింపబడిన సముద్రగర్భ కేబులు చెన్నైని పోర్టుబ్లెయిరుతోను, మరి ఏడు చోట్లతోను కలిపెను. సుమారు 2,300 కిలోమీటర్ల పొడవుగల ఆ కేబులు చేరిన చోట్లలో రంగత్ ఒకటి.

అయితే బడులు ఒకదానితో ఒకటి మాటలాడుట కేబులుతో పుట్టిన పని కాదు. 1920ల దశకములో ఫ్రాన్సు దేశపు ఉపాధ్యాయుడు సెలెస్తాఁ ఫ్రెనే తన పల్లెబడి పిల్లలచేత వారి ఊరి సంగతులను చిన్న అచ్చుయంత్రముమీద ముద్రింపించి, దూరపు బడి పిల్లలకు టపాలో పంపించెను. 1988లో న్యూయార్కు రాష్ట్రములోని 12 బడులును మాస్కోలోని 12 బడులును కంప్యూటర్ల ద్వారా కలిసి పనిచేయ నారంభించెను. ఆ రెండు దేశములు ఒకదానిమీద ఒకటి అణ్వాయుధములు గురిపెట్టుకొనియున్న కాలమది. పెద్దలు శత్రువులని చెప్పినవారిని పిల్లలు తోటి విద్యార్థులని పిలువగలిగిరి. ఇది చిన్న మేలు కాదు.

రంగత్‌లోని ఒక తరగతికి కోస్టారికా దేశపు ఓస్టియోనల్ గ్రామములోని తరగతితో స్నేహము కుదిరినదనుకొందము. రంగత్ దగ్గరి కత్‌బర్ట్ బే తీరమున ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గ్రుడ్లు పెట్టును. ఓస్టియోనల్ తీరమునను అవే తాబేళ్లు వేలకొలదిగా వచ్చును. మన దేశములో ఆ గ్రుడ్లు తీయుట నేరము. అక్కడనో, తాబేళ్లు గుంపులుగా వచ్చు తొలి గంటలలో గ్రామస్థులు గ్రుడ్లు ఏరుకొనుటకు చట్టమే అనుమతించుచున్నది. ఈ మాట విన్నవెంటనే మన పిల్లవాడు వారిని పాపులని తీర్పు తీర్చునేమో! కాని అడిగి ఓపికగా వినినయెడల, ముందు పెట్టిన గ్రుడ్లలో చాల భాగమును తరువాత వచ్చు తాబేళ్లే త్రవ్వి పాడుచేయునని తెలిసికొనును. ఆ వాదమును అంగీకరింపకపోవచ్చును; అయినను తీర్పుకంటె ముందు ప్రశ్న ఉండవలెనని నేర్చుకొనును. భూగోళ పాఠము నీతిపాఠమగుట ఇట్లే.

మనకు ఉదయము పది గంటలైనప్పుడు కోస్టారికాలో ముందటి రాత్రి పదిన్నర. కాబట్టి ఆ రెండు తరగతులు ఎక్కువగా వ్రాసి పంపుకొని, జవాబు కొరకు కనిపెట్టవలసియుండును. అందునను మేలు కలదు. అపొస్తలుడైన యోహాను తన ప్రియ స్నేహితుడైన గాయునకు వ్రాసిన పత్రిక చివర, చెప్పవలసినవి అనేకమున్నను సిరాతో వ్రాయుటకంటె ముఖాముఖిగా మాటలాడుట కోరెను. అయినను ఆయన పత్రిక వ్రాయక మానలేదు. దూరపు పలుకు సన్నిధికి సాటి కాదు. అయినను ప్రేమగలవాడు దానిని తృణీకరింపడు.

అయితే ఒక హెచ్చరిక రంగత్ త్రోవయందే కలదు. 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన పోర్టుబ్లెయిరునుండి ఇక్కడికి వచ్చు అండమాను ట్రంకురోడ్డు జారవాల అరణ్యము గుండా సాగును. అక్కడ వాహనములు గుంపుగా, కాపలాతో నడువవలెను, ఫోటోలు తీయరాదు. తినుబండారములు చూపి జారవా స్త్రీలచేత నాట్యము చేయించిన వీడియో 2012లో వెల్లడియైనప్పుడు దేశము సిగ్గుపడెను. చూచినవారికిని చూడబడినవారికిని నడుమ కొన్ని అడుగుల దూరమే యుండెను. కాని పొరుగుతనము లేదు. కంటికి దగ్గరగుట వేరు, హృదయమునకు దగ్గరగుట వేరు. తెరమీది స్నేహమునకును ఇదే పరీక్ష. మన పిల్లలు అవతలివారిని వింతగా చూచుచున్నారా, లేక తామును ప్రశ్నింపబడుటకు ఒప్పుకొనుచున్నారా? చూపింపనొల్లని దానిని దాచుకొను హక్కు ఇరువురికిని ఉన్నదా? ఆంగ్లము బాగుగా వచ్చిన ఒక్కడే మాటలాడి, మిగిలినవారు వెనుక కూర్చుండిపోవుచున్నారా?

మరియొక శోధన కలదు. దూరపు బాలుని ప్రేమించుట సులభము. అతడు మన పెన్సిలు అడుగడు, మన చాపమీద నీళ్లు ఒలకబోయడు. ప్రక్క బల్లమీది బాలుడు ఈ రెండును చేయును. కోస్టారికా స్నేహితుని పేరు తెలిసి, ప్రక్కనున్న బెంగాలీ బాలుని తల్లి పేరు తెలియనివానికి ఆ స్నేహము వినోదమే. కాని మంచి స్నేహము మనలను ఇంటికి త్రిప్పి పంపును. మీ తరగతిలో ఎన్ని భాషలున్నవని దూరపువారు అడిగినప్పుడు, మన పిల్లవాడు మొదటిసారి ప్రక్కకు తిరిగి, మీ ఇంట ఏమి మాటలాడుదురని అడుగవలసివచ్చును. దూరపు ప్రశ్న దగ్గరివానిని చూపినది!

ప్రభువు ఆ ఉపదేశకునికి పొరుగువారి పట్టిక ఇయ్యలేదు. దారిలో ఆగిన సమరయుని కథ చెప్పి, గాయపడినవానికి పొరుగువాడైనవాడెవడని తిరిగి అడిగెను. ఎవడు దగ్గరనున్నాడనునది కాదు, ఎవడు దగ్గరకు వచ్చెననునదే ఆయన ప్రశ్న. కేబులు మన పిల్లలకు త్రోవ వేసినది. ఆగుట వారు నేర్చుకొనవలెను, మనము నేర్పవలెను. తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, బిడ్డ తెరముందునుండి లేచి వచ్చినప్పుడు ఏమి చూచితివని మాత్రమే అడుగకుడి. ఎవరి మాట వింటివి, రేపు నీ ప్రక్కవానికి ఏమి చేసెదవు అని అడుగుడి.