శుచి యెవరిది, మైల యెవరిది?

మా కోనసీమలో మడి యన్న మాట నెఱుఁగని యిల్లు లేదు. తెల్లవాఱక మునుపే కాలువలో మునిఁగి, ఎత్తుగాఁ గట్టిన దండెముమీఁది బట్టను కఱ్ఱతోఁ దీసి కట్టుకొని, వంటయింటఁ బ్రవేశించు నాయనమ్మలను నా యీడువా రందఱును చూచినవారే. వారి నిప్పుడు పరిహసింపఁ బూనుకొనుట లేదు; ఆ యాచారమునఁ గొంత పరిశుభ్రతయు లేకపోలేదు. కాని మా యింటి కడుగునీరు పెరటిగోడ క్రింది తూముగుండఁ గాలువలోఁ గలియుచుండెను. ఆ కాలువయే దిగువనున్న పల్లెవారికిఁ ద్రాగునీరు. తూము పూడినప్పుడు దానిని బాగుచేయ వచ్చిన మనుష్యుని మావారు గుమ్మము త్రొక్కనిచ్చెడివారు కారు. మలినము చేసినవారు శుచులు. దానిని చేత నెత్తినవాఁడు మైల! బాల్యమున నా కీ లెక్క బోధపడలేదు. ఇప్పటికిని బోధపడలేదు.

మడి యిప్పుడు సడలినది. దాని స్థానమున నీటిని శుద్ధిచేయు యంత్రము వంటయింటి గోడకు వ్రేలాడుచున్నది. 1852వ సంవత్సరమున ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరీజలము కాలువలఁ బాఱి మన సీమను పచ్చన చేసినది. ఆ నీటినే నేఁడు దోసిటఁ ద్రాగ వెఱచుచున్నాము. కనుక శుద్ధిని వెలయిచ్చి కొనుచున్నాము. శుద్ధి యమ్మకపు సరుకైనచో, దాని నమ్మువాని చేతులు శుభ్రముగా నున్నవా యని కొన్నవాఁ డడుగవచ్చునా? అడుగవలెననియే నా యభిప్రాయము.

ఒక్క సంస్థ చరిత్రను గైకొందము. 1888లో సన్‌లైట్ సబ్బుపెట్టెలు కలకత్తా రేవున దిగినది మొదలు లీవర్ వారి పేరు మన దేశమున శుభ్రతతోఁ బెనవైచుకొన్నది. 1895లో లైఫ్‌బాయ్ వచ్చెను. 2004లో హిందూస్థాన్ లీవర్ సంస్థ చెన్నపట్టణమున ప్యూరిట్ అను నీటిశుద్ధి యంత్రమును విడుదల చేసెను. (ఆ వ్యాపారమును 2024లో ఏ.ఓ. స్మిత్ సంస్థ కమ్మివేసిరి.) ఆ తమిళదేశముననే, కొడైకానలు కొండమీఁద, వారికొక థర్మామీటర్ల కర్మాగార ముండెడిది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు వాటర్‌టౌన్‌నుండి 1980 తరువాతఁ దరలివచ్చి, పాండ్స్ సంస్థతోఁ గూడ 1987లో లీవర్ వారి వశమైన దది. జ్వరమును గొలుచు ఆ గాజుగొట్టములలోని పాదరసము మామూలు వేడికే కంటికిఁ గానరాని యావిరియై యూపిరితో లోపలఁ జేరును. పాదరస మంటిన పగులుగాజు టన్నులకొలఁది ఊరిలోని పాతసామాను దుకాణమునఁ బడియుండుట 2001 మార్చిలో బయటఁబడఁగా, కర్మాగారము మూఁతపడెను. 2003లో 290 టన్నుల వ్యర్థమును అమెరికాకుఁ బంపిరి. అచ్చటి పనివలనఁ గార్మికులకు అనారోగ్యము కలిగినదని సంస్థ యంగీకరింపలేదు. అయినను 2016లో 591 మంది పూర్వకార్మికుల విషయమై రాజీ చేసికొనెను.

కొండమీఁదఁ గర్మాగారము మూఁతపడిన మూఁడేండ్లకే చెన్నపట్టణమున శుద్ధజలయంత్రము నమ్మఁజూపుట కపటమని కొందఱందురు. నే నట్లనను. ఆ యంత్రము క్రిములను జంపునను మాట నిజమే. నా బాధ వేఱు. ఇంతమందికి మేలు చేసినవాఁడు చేసిన యొక కీడును పట్టుకొని వేలాడవలెనా యని వాదించు పెద్దమనుష్యులు గలరు. మేలు పొందినవాఁ డొకఁడు. కీడు పొందినవాఁడు మఱియొకఁడు. చెన్నపట్టణమున మంచినీరు త్రాగిన గృహిణి, పాదరసపుటావిరి నడుమఁ బనిచేసిన కూలివాని తరఫున క్షమింపఁజాలదు. క్షమించు నధికారము వానిది. మా అంబాజీపేట కొబ్బరివర్తకులు సైత మొకని జమను మఱియొకని బాకీక్రింద కొట్టివేయరు గదా! ధర్మమునకు వర్తకుని చిట్టాకున్న పాటి నియమమైన నుండవలదా?

మన తెలుఁగునేలమీఁద పటాన్‌చెరువు కథ యింతకంటెఁ జిత్రమైనది. అచ్చట మందుల కర్మాగారముల మురికినీటిని శుద్ధిచేయుటకే యొక యుమ్మడి కేంద్ర మేర్పడెను. దానినుండి వెలువడు నీటిని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి. లీటరునకు 31 మిల్లిగ్రాములవఱకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు అం దుండెను. ఆ మందు మ్రింగిన రోగి నెత్తురులో నుండుదానికంటె నిది యధికము. శుద్ధిచేసి విడిచిన నీ రిది! ఇది యిసుకవాగు, నక్కవాగులగుండ మంజీరకుఁ బోవుచుండెను. పిమ్మట గొట్టము వేసి అంబరుపేట శుద్ధికేంద్రమునకును, అచ్చటినుండి మూసికిని మఱలించిరి. వాటర్‌టౌన్‌నుండి కొడైకానలు, కొడైకానలునుండి తిరిగి అమెరికా, మంజీరనుండి మూసి. మలినమున కూరు మాఱుచున్నది. మా పెరటి తూము చేసిన పనియు నింతే.

ఈ వ్యాసము వ్రాయుచుండఁగా మా యింటి యంత్రముమాట జ్ఞాపకమువచ్చి లేచి చూచితిని. అది యొక బిందెఁడు మంచినీ రిచ్చుటకు, అంతకంటె నెక్కువ నీటిని ఉప్పులతోఁ జిక్కఁబఱచి వెలికిఁ ద్రోయుచున్నది. ఆ సన్నని గొట్టము గోడవెంబడిఁ బోయి పోయి నాఁటి తూమునందే ముగిసినది. ఇప్పు డా నీటిని తొట్టిలోఁ బట్టి గచ్చు కడుగుటకు వాడుచున్నాము.

లోపలి బొగ్గుగొట్టము సంగతి వేఱు. అందలిది కొబ్బరిచిప్పలను గాల్చిన బొగ్గఁట. మన సీమ సొత్తే కావచ్చును. ఏఁటేఁట దానిని మార్చ వచ్చు కుఱ్ఱవాఁడు తిన్నగా వంటయింటిలోనికే వచ్చును. ఈ మాత్రము మార్పునకు సంతోషించుచున్నాను. "పాతదాని నేమిచేయుదురు నాయనా?" యని యడిగితిని. "కాలవలో పారెయ్యండి మాస్టారూ" అనెను. మా కోడ లొప్పుకొనక దానిని అటకమీఁదఁ బెట్టినది. ఇప్పటి కచ్చట మూఁడు చేరినవి.