ఇంట్లో కార్ఖానా పెట్టే ముందు

చిరంజీవి బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి సెలవురోజుల్లో చేస్తున్న మాస్కుల్ని ఇక అమ్మకానికి పెడతానని, నాచారంలో ఉద్యోగం మానకుండానే కీసర ఇంట్లో పని మొదలుపెడతానని రాశావు. మొదలుపెట్టు. చదువుకున్న పిల్లకు ఈ జిగురు చేతులేమిటి అనేవాళ్ల మాట పట్టించుకోకు. నాకు పట్టింపు ఉన్నది ఇంకో సంగతిలో.

సరదాగా చేసినన్నాళ్లూ నీకు చాలా ఉచితంగా అందాయి. గింజలు నానబెట్టి రుబ్బింది మీ అమ్మ. జిగురు ఉడికిన గిన్నె తోమిందీ మీ అమ్మే. మాస్కులు ఆరింది అందరిదీ అయిన డాబా మీద. మిగిలిన ముద్ద కడిగి పోసింది పక్కింటివాళ్ల నీళ్లు కూడా పోయే మోరీలో. అభిమానం కొద్దీ ఎవరూ ఏమీ అనలేదు. డబ్బు చేతులు మారిన రోజు నుంచి ఈ ఉచితాలు చెల్లవమ్మా. అమ్మ రుబ్బిన గంటకు కూలి లెక్కగట్టి మాస్కు ధరలో కలుపు, ఆ డబ్బు ఆమె చేతికివ్వు. తీసుకోనంటుంది. అయినా ఇవ్వు. ముద్ద మోరీలో పొయ్యకు, గట్టిపడితే నీళ్లు నిలుస్తాయి. బకెట్‌లో పోగుచేసి పెరట్లో పాతిపెట్టు. పొట్టు జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో. వంటింట్లో మాత్రం జల్లించకు, ఆ దుమ్ము అందరి ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

ఇంట్లో ఇలాంటి పని చేసేవాళ్లు నీకంటే ముందే ఉన్నారు. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద వెళ్తే బోడుప్పల్. చేర్యాల పటాలు గీసే నకాషీ కళాకారులు ధనాలకోట వైకుంఠం గారి కుటుంబం ఉండేది అక్కడే. వాళ్లకు ఇల్లే కార్ఖానా, ఇంటిల్లిపాదిదీ అదే పని. ఖాదీ బట్టకు సుద్ద, గంజి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూత మీద పూత వేసి, ఆరాక గాని బొమ్మ గియ్యరు. ఈ పటాలు ఒకప్పుడు గోడలకు తగిలించడానికి గీసినవి కావు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివాళ్లకు మడేలు పురాణం, ఇలా కులానికో కథ చెప్పే కథకులు వాటిని నకాషీలతో గీయించుకొని, ఊరూరా విప్పి చూపిస్తూ రాత్రులు కథ చెప్పేవాళ్లు. వినేవాళ్లు తగ్గాక, గజాల పొడవున్న పటాలు కొనే కథకులూ తగ్గారు. అప్పుడు ఆ ఇళ్లకు అన్నం పెట్టినవాటిలో చిన్న పటాలు, బొమ్మలతోపాటు ఈ మాస్కులూ ఉన్నాయి. నీకు కాలక్షేపంగా మొదలైన పని వాళ్లకు బతుకు నిలబెట్టుకోవడంగా వచ్చింది.

అందుకే నీ డబ్బా మీద ‘చేర్యాల’ అని రాయకు. ఆ పేరుకు భౌగోళిక గుర్తింపు ఉంది, చట్టం కాపు కాస్తుంది. చట్టం లేకపోయినా రాయకూడదు. వాళ్ల బొమ్మల్లోని ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్లు చూసి నేర్చుకున్నదానివి నువ్వు. కొనేవాళ్లు అడిగినప్పుడు ఆ మాటే చెప్పు. నీ పేరు పెట్టుకొని, నీదైన ముఖం చెయ్యి. కీసరగుట్ట జాతరలో ఎన్ని రకాల ముఖాలు! చూడటం నేర్చుకుంటే చాలు.

వానాకాలంలో ఆర్డర్లు తక్కువ తీసుకో. పొట్టు ముద్ద పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల తడి ఉంటుంది. తొందరపడి రంగేసి పంపితే పగులుతుంది, లేదా కొన్నవాళ్ల గోడ మీద బూజు పడుతుంది. ఆలస్యమవుతుందని ముందే చెప్పు; వద్దనుకున్నవాళ్లకు బయానా తిరిగివ్వు.

చిన్న వ్యాపారాల ‘ఉద్యం’ నమోదుకు పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్‌లతో నువ్వే చేసుకోవచ్చు. చేసిపెడతామని డబ్బడిగేవాళ్లకు ఇవ్వకు. ఇంటి ఖర్చులకూ పనికీ వేర్వేరు ఖాతాలు తెరువు. మొదటి నెల లెక్క రాశాక నాకు పంపు, అమ్మ కూలి ఎంత వేశావో ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ