బొంతలో చెయ్యి

"మగ్గం వర్కా, కంప్యూటర్ వర్కా?" జాకెట్టు మీద కుట్టుపని కనబడగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇది. ధర అంచనా వెయ్యడానికే అడిగినా అందులో ఒక తీర్పు దాగి ఉంటుంది. చేత్తో కుట్టింది అసలు, మెషిన్ కుట్టింది నకలు. ఈ మధ్య నేను కుట్టిన బొంతకి కూడా ఇదే తీర్పు ఎదురయ్యింది. అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను. ఒక వస్తువులో మనిషి చెయ్యి ఉందనడానికి మనం అసలు దేన్ని కొలుస్తున్నాం?

అమ్మ పాత నూలు చీరలతో కుట్టిన బొంత అది. మొత్తం 20 గళ్ళు, ఒక్కోటీ 12 అంగుళాలు. ప్రతి గడిలోనూ ఒక బొమ్మ మెషిన్ ఎంబ్రాయిడరీ చేశాను. 10 గళ్ళలో అమ్మ నోటుపుస్తకంలో గీసి పెట్టుకున్న ముగ్గులు. వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి కుట్లుగా మార్చుకున్నాను. మిగతా 10 గళ్ళలోవి కొనుక్కున్న డిజైన్లు. మీట నొక్కితే సూది తన పని తాను చేసుకుపోతుందన్నది నిజమే. కానీ ఉతికి ఉతికి పలచబడిన చీర మీద కుట్లు వత్తుగా పడితే గుడ్డ చిరుగుతుందని సూదికి తెలియదు. కింద పేపర్ కాన్వాస్ వెయ్యాలనీ, కుట్టాక గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి ముక్కని ముందు పెద్దదిగా ఉంచి చివర్లోనే కొలిచి కత్తిరించాలనీ తెలియాల్సింది నాకే. ఏ చీర పక్కన ఏ చీర రావాలి, ఏ కొంగు మధ్యలో ఉండాలి, ఎక్కడ పసుపు మరకని కత్తిరించకుండా వదిలెయ్యాలి అన్నవీ నేను తేల్చుకోవలసినవే.

మా పెద్దమ్మ దాన్ని రెండువైపులా తిప్పి చూసింది. "బానే ఉందే తల్లీ. అయినా కుట్టింది మెషిను గదా, నువ్వేం కుట్టావ్?" అంది.

ఆ మాటలో వెటకారం లేదు. తన లెక్క ప్రకారం ఆమె సరిగ్గానే అడిగింది. మధ్యాహ్నం అంట్లు తోమి, వంటిల్లు కడుక్కున్నాక దొరికే ఆ కాసేపట్లో ఆమె ఇంటిల్లిపాదికీ బొంతలు కుట్టింది. వాటిని చూపించి అందరూ మెచ్చుకునే మాట ఒకటే: "కళ్ళు పోగొట్టుకుని కుట్టింది." రంగులు ఎంత బాగా కూర్చిందో, అంచులు ఎంత నేర్పుగా మడిచిందో ఎవరూ అనగా నేను వినలేదు. ఆమె నేర్పు కన్నా ఆమె పడ్డ బాధే మెప్పుకి అర్హమయ్యింది. రోట్లో నూరిన పచ్చడికే 'అమ్మ చేతి రుచి' ఉంటుందనేవాళ్ళు కూడా ఈ లెక్కే చెబుతున్నారు. ఆడవాళ్ళ ప్రేమకి కొలబద్ద ఆడవాళ్ళ అలసటే. ట్రాక్టరుతో దున్నిన రైతుని "పంట ట్రాక్టరుదే కదా, నువ్వేం పండించావు?" అని అడగం. టైపు చేసిన కథలో రచయిత చెయ్యి లేదని అనం. మెషిన్ పట్టుకోగానే పనిలోంచి మాయమైపోయేది ఆడవాళ్ళ చెయ్యే.

ఇక్కడ నాకు హారియట్ పవర్స్ గుర్తొస్తుంది. 1837లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టిన నల్లజాతి స్త్రీ. బైబిలు కథలని గుడ్డ బొమ్మలుగా అతికి ఆమె కుట్టిన బొంతని 1886లో ఏథెన్స్ ఊళ్ళో జరిగిన పత్తి ప్రదర్శనలో చూసిన ఒక చిత్రకళ టీచరు కొంటానంటే అమ్మనంది. కొన్నేళ్ళకి గడవడం కష్టమై, 10 డాలర్లు అడిగి 5 డాలర్లకే ఇచ్చేసింది. ఆ తర్వాత దాన్ని చూసుకోవడానికి చాలాసార్లు ఆ టీచరు ఇంటికి వెళ్ళింది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంలో ఉంది. అందులో చేతి కుట్టుతో పాటు మెషిన్ కుట్టు కూడా ఉంది. అంతమాత్రాన అది ఆమెది కాకుండా పోతుందా? ఏ కథ ఎక్కడ ఉండాలో, సూర్యుడెంత ఉండాలో, పాము ఎలా ఉండాలో నిర్ణయించింది ఆమె. ప్రతి గడికీ అర్థం చెప్పగలిగిందీ ఆమే.

అలాగని మెషిన్ స్త్రీలకి విముక్తి తెచ్చిందని తేల్చెయ్యడానికి నాకు మనసొప్పదు. చేతి కుట్టు మీద బతికేవాళ్ళ పనిని మెషిన్‌తో అనుకరించి, చేత్తో కుట్టిందేనని అమ్మితే వాళ్ళ కూడు పోతుంది. అక్కడ తప్పు మెషిన్‌ది కాదు, అబద్ధానిది. మరోపక్క, చేతిపనిని పూజించినంత మాత్రాన ఆ చేతులకి ఒరిగేదీ లేదు. నర్సాపురం లేసు అల్లే స్త్రీల గురించి మరియా మీస్ 1982లో అచ్చయిన పుస్తకంలో చెప్పింది ఇదే. ప్రపంచ మార్కెట్ కోసం గంటలకొద్దీ అల్లే ఆ స్త్రీలని కార్మికులనలేదు. ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులన్నారు, వాళ్ళ పనిని తీరికవేళ కాలక్షేపమన్నారు. కూలి అంత తక్కువగా ఉండడానికి ఆ పేరు బాగా పనికొచ్చింది. చేతిపని పవిత్రమన్న మాటా, చేతిపని కాలక్షేపమన్న మాటా ఒకే ఇంట్లో పుట్టినవి. రెండూ ఆ స్త్రీ పెట్టిన గంటలకి లెక్క కట్టకుండా తప్పించుకునేవే.

అందుకే చెయ్యా, మెషినా అన్న చోట నైతిక ప్రశ్న లేదనిపిస్తుంది. ఎవరి సమయం ఖర్చయ్యింది, దానికి ఎవరు ఎంత ఇచ్చారు, నిర్ణయాలు ఎవరివి, పేరు ఎవరిది? చేత్తో కుట్టిన బొంతనీ ఇవే అడగాలి. మెషిన్ బొంతనీ ఇవే అడగాలి.

నా బొంతని అడిగితే సగానికే పూర్తి జవాబు వస్తుంది. ముగ్గుల గళ్ళు అమ్మవి. ఆమె చుక్కలు, ఆమె మెలికలు, వాటిని గుడ్డ మీదికి తెచ్చిన పని నాది. మిగతా 10 గళ్ళలో పిచ్చుకలనీ, వేపకొమ్మలనీ ఎవరో గీశారు. ఒక్కో కుట్టూ ఎటు తిరగాలో ఎవరో తెర ముందు కూర్చుని తేల్చారు. నేను డబ్బు కట్టాను. అందులో ఆ మనిషికి ఎంత చేరిందో డిజైన్ మీద రాసి లేదు, పేరూ లేదు. పెద్దమ్మ కుట్లకి కూడా పేరు లేదు, కానీ అవి ఎవరివో కనీసం ఇంట్లో అందరికీ తెలుసు.

"నువ్వేం కుట్టావ్?" అన్న పెద్దమ్మకి నేను జవాబు చెప్పగలను. ఎంచాను, కూర్చాను, చిరిగితే మళ్ళీ కుట్టేదీ నేనే. నా పిచ్చుకలని గీసిన మనిషిని మాత్రం ఆ ప్రశ్న అడిగేవాళ్ళు కూడా లేరు. బొంతలో కనిపించని చెయ్యి మెషిన్ వెనక ఉన్న నాది కాదు, అది.