పట్టి విడుచుట

ఒక ప్రాణిని పట్టి, బాధించి, పిదప విడిచిపెట్టుట దయ యనిపించుకొనునా? ఆకలి తీర్చుకొనుటకు చంపినవానికంటె వినోదమునకై పట్టి విడిచినవాడు పుణ్యాత్ముడా? ఈ ప్రశ్న మాకు స్వయముగా తోచినది కాదు. మాయొద్ద చదువుకొని, ఇప్పుడు అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున నుద్యోగము చేయుచున్న శిష్యుడొకడు లేఖ వ్రాసి యడిగినది. అతడు శాకాహారుల యింట పుట్టినవాడు. వసంతకాలమున మిత్రుల బలవంతముమీద ఒక ఉత్తరపు సరస్సునకు పోయి గాలము పట్టెను. పైకు అను చేప దొరకెను. దానిని మరల నీట విడిచెను. ప్రక్కనున్న మిత్రుడు తనకు దొరకిన వాలై అను చేపను చంపి, ఇంటికి గొనిపోయి వండుకొనెను. “మాస్టారూ, మా యిద్దరిలో తప్పు చేసినవారెవరు?” అని యతని ప్రశ్న.

చదువరులు ముందుగా ఆ సరస్సును మనస్సునకు తెచ్చుకొనవలెను. అది మన చెరువువంటిది కాదు. శీతకాలమున నీరు గడ్డకట్టి, పైన కార్లు సైతము నడుచునంతటి మందమైన మంచుపలక యగును. ఏప్రిలు నెలలోనో, మరింత ఉత్తరమున మే నెల తొలినాళ్లలోనో అది కరగును. పూర్తిగా కరగకమునుపే పైకు, ఒడ్డు నంటి నీట మునిగిన గడ్డిలోనికి చేరి గ్రుడ్లు పెట్టును. బాతుముక్కువంటి మూతియు వాడియైన పండ్లును గల యీ చేప ఇతర మత్స్యములను మ్రింగి బ్రతుకునది. దాని గ్రుడ్లు మాత్రము గడ్డిపోచల నంటుకొని నిస్సహాయముగా నుండును. నీరు మరికొంత వెచ్చబడినపిదప, వాలై రాత్రివేళల గులకరాళ్ల తావులకును, సరస్సులో కలియు నదులలోనికిని వచ్చి గ్రుడ్లు విడుచును. దాని కన్నులలో వెలుగును త్రిప్పికొట్టు పొర యొకటి కలదు. అందుచే మసకలో చక్కగా చూడగలదు. దీపము పడినచో నా కన్నులు పిల్లికన్నులవలె మెఱయును.

ఈ రెండు జాతులును తమ గ్రుడ్లకు కావలి యుండవు. కావున కావలి మనుష్యుడే కాయవలసి వచ్చినది. మినెసోటా సరస్సులలో సాధారణముగా ఫిబ్రవరి తుదినుండి మే నడుమవరకు ఈ చేపల వేట నిషిద్ధము. నిషేధము తీరు శనివారము అచ్చటివారికొక తిరునాళ్లు. గవర్నరు సైతము ఆనాడు గాలము పట్టు ఆచారము 1948లో నారంభమైనది. 1965లో వాలైని రాష్ట్రమత్స్యముగా ప్రకటించిరి. మా శిష్యుడు పోయినది ఆ తిరునాళ్లకే.

ఇక ప్రశ్నకు వత్తము. పట్టి విడుచువారి పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. విడిచిన చేప మరల గ్రుడ్లు పెట్టును, జాతి నిలుచును. కొన్ని పరిమాణముల చేపలను విడిచితీరవలెనని చట్టమే శాసించును. 2018 నుండి మినెసోటాలో పెక్కు సరస్సులయందు నడిమి పొడవుగల పైకులను విడువవలెనను నియమము కలదు. అట్టి విడుపు విధి. దానిని మేము నిందింపము.

కాని తినుట కక్కఱలేక, ఆట కొఱకే పట్టి, ఆట తీరినంతనే విడిచి, “నేను దయాళువును” అని సంతసించువాని సంగతి వేఱు. జర్మనీలో 1972 నాటి జంతుసంరక్షణ శాసనము, తగిన కారణము లేక ఏ జంతువునకును బాధ కలిగింపరాదని చెప్పును. భోజనము తగిన కారణము కావచ్చును; వినోదము కాజాలదు. చేపకు బాధ యెక్కడిదని కొందఱందురు. 2003లో బ్రిటనునందలి శాస్త్రజ్ఞులు ట్రౌటు చేప మొగమునందు, గాయమును గుర్తించు నాడీతంతువులున్నవని నిరూపించిరి. గాలము గ్రుచ్చుకొనునది సరిగా నక్కడనే. లోతుగా గ్రుచ్చుకొన్నచో, విడిచిన చేప కంటికి కనబడక తరువాత చచ్చుటయు కలదు. మేము కళాశాలలో నున్నపుడు ఐజాక్ వాల్టను 1653లో ప్రకటించిన గాలపువేట గ్రంథమును ప్రీతితో చదివితిమి. ఏటి యొడ్డున మనస్సునకు కలుగు ప్రశాంతి యందు గొప్పగా వర్ణింపబడినది. ఆ ప్రశాంతి యెవరిదని మేమానాడు అడుగలేదు. దారమునకు రెండు కొనలుండును గదా!

అయినచో చంపి తిన్నవాడే మేలా? అంత తేలికగా తీర్పు చెప్పుటకు వీలులేదు. ఆ రాష్ట్రముననే రెడ్ లేక్ అను, 2,50,000 ఎకరములకు మించిన సరస్సు కలదు. అందు అధికభాగము ఓజిబ్వే జాతికి చెందిన రెడ్ లేక్ తెగవారిది. మొదటి ప్రపంచయుద్ధకాలమున, 1917లో, ఆహారము నిమిత్తమని అచ్చట వర్తకపు వేట ప్రారంభింపబడినది. తినుటకే పట్టిరి, ఎవరును ఆటకు పట్టలేదు. అయినను పట్టుటకు మేర లేకపోయెను. తెగవారి వలలును, రాష్ట్రభాగమునందలి గాలములును, దొంగవేటయు కలిసి 1990ల నడిమికి వాలైలను దాదాపు తుడిచిపెట్టినవి. అప్పుడు 1997లో తెగవారి జాలరులు తామే వర్తకపు వేట మాన నిశ్చయించిరి. 1999లో తెగకును ప్రభుత్వమునకును ఒడంబడిక కుదిరి, సరస్సంతట వాలై వేట నిలిచిపోయినది. కోట్లకొలది పిల్లచేపలను నీట విడిచిరి. 2006లో గాని ఆ వేట మరల తెఱవబడలేదు. చేపయే జీవనమైనవారు అన్నియేండ్లు చేప నంటకుండుట! ఇది మా దృష్టిలో విడుచుట యన్న మాటకు నిజమైన యర్థము. వారు పట్టినదానిని విడువలేదు; పట్టుటనే విడిచిరి.

ఇచ్చట మా తప్పొకటి చెప్పుకొనక తీరదు. కొన్ని యేండ్ల క్రిందట మేము సముద్రతీరమున నొక పాఠశాలలో పనిచేయుచుండగా, తరగతిలో అహింసనుగూర్చి మిక్కిలి గంభీరముగా ప్రసంగించితిమి. మాంసము ముట్టని మా కులాచారమును కొంత గర్వముతోనే చెప్పియుందుము. ముందు వరుసలోని జాలరి పిల్లవాడు తల వంచుకొనెను. మేము చూచియు చూడనట్లుంటిమి. ఆ మే నెలలో ఏదో పనిమీద వాని పల్లెకు పోతిమి. పడవలన్నియు ఇసుకమీదనే యున్నవి. మన తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు 61 దినములు మరపడవల వేట నిషిద్ధము. పిల్లవాని తండ్రి చెట్టునీడన చినిగిన వల బాగుచేయుచుండెను. ఇల్లు గడచుట యెట్లని యడిగితిమి. “అప్పుచేసి గడుపుతామండి పంతులుగారూ. ఇది చేపకు పురిటికాలం గదండి” అని యతడు తల యెత్తకయే బదులు చెప్పెను.

అతని యింటిలో పొయ్యి వెలుగుట కష్టముగా నున్నను చేప పురుడు గౌరవింపబడుచున్నది. మా యింటిలో ఏ నిషేధమును ఏనాడును ఒక్క ముద్దయు తగ్గింపలేదు. ఇద్దఱిలో అహింసకు మూల్యము చెల్లించినవాడెవడు? పుట్టుకతో వచ్చిన మానివేత అలవాటు. అలవాటు చెడ్డది కాదు గాని, దానిని చూపి ఇతరుని తల వంపించుట చెడ్డది. భారతమున వేదాధ్యయనపరుడైన కౌశికుడు కోపదృష్టితో కొంగను చంపి, తుదకు మిథిలలో మాంసము విక్రయించు ధర్మవ్యాధునియొద్ద ధర్మము నేర్వవలసి వచ్చెను. ఆ కథను మేము పలుమారులు పాఠముగా చెప్పితిమి. నేర్చుకొన్నది మాత్రము ఆ చెట్టునీడనే.

కావున శిష్యునకు మేమిట్లు వ్రాసితిమి: “నాయనా, నీవు చేపను విడిచినప్పుడు నీకేమియు తగ్గలేదు. ఆటలోని సంతోషమును తీసికొంటివి, దయాళువన్న పేరును తీసికొంటివి. బాధ మాత్రము చేపకు మిగిలినది. నీ మిత్రుడు, నియమకాలము కడచువఱకు ఆగి, మితముగా పట్టి, పట్టినదానిని వ్యర్థము చేయక తినినచో, నీకంటె ఒక మెట్టు పైననే యున్నాడు. నీకు తినుట ఇష్టము లేనిచో వచ్చే వసంతమున గాలము లేకుండ ఆ యొడ్డునకు పొమ్ము. ప్రొద్దు క్రుంకిన పిదప రాళ్లనడుమ వాలైల కన్నులు మెఱయునేమో చూడుము. అప్పుడు నీవు విడుచునది చేపను కాదు, నీ కోరికను. ఆ విడుపు ఏ ప్రాణికిని నొప్పి కలిగింపదు.”

ఆ జాలరి పిల్లవాని కేమి వ్రాయవలెనో మాకింకను తోచలేదు. క్షమాపణతోనే మొదలుపెట్టవలెనని మాత్రము తెలియును.