మే నెలను చూసి మొక్కను ఎంచుకో

చి.ల.సౌ. అమ్మడుకి,

కడియపులంక నుంచి మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.  

భీమవరంలో ఇల్లు పూర్తయిందనీ, గేటు పక్కన ఒక్క మొక్కకే చోటు మిగిలిందనీ చెప్పి, అక్కడ నూరు వరహాలు వెయ్యాలా, కాగితం పూలు వెయ్యాలా అని అడిగావు. ఫోనులో ఒక్క ముక్కలో తేల్చే సంగతి కాదనిపించి ఉత్తరం రాస్తున్నాను. రెండూ మంచి మొక్కలే. ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలిచి పూస్తాయి. తేడా అంతా అవి మననుంచి ఏం కోరతాయన్న దగ్గర ఉంది. నాటేది ఇవాళే అయినా, ఇచ్చిన మాట లాగా రోజూ నిలబెట్టుకోవాలి.

నూరు వరహాలు మన దిక్కు మొక్క. దక్షిణ భారతం, శ్రీలంక దాని పుట్టిల్లు. ఎర్రటి గుత్తిలో ఒక్కో పువ్వుకీ సన్నని పొడుగాటి గొట్టం ఉంటుంది. తేనె దాని అడుగున ఉంటుంది కాబట్టి పొడవాటి నాలుకున్న సీతాకోకచిలుకలు వెతుక్కుంటూ వస్తాయి. పూజకి పనికొస్తుంది. ముళ్లుండవు. కొమ్మలు ఒద్దికగా పెరుగుతాయి, కత్తిరించినా బాధపడదు. ఇన్ని సుగుణాలు చూసి మనసు పడటం సహజం. నాకూ మనసులో దాని మీదే ఎక్కువ ప్రేమ.

అయితే దానికి కాస్త పులుపు గుణమున్న నేల కావాలి. తడి ఆరకూడదు, అలాగని నీరు నిలవకూడదు. మీ గేటు దగ్గర నేల ఎలాంటిదో ఒక్కసారి చూడు. స్థలం మెరక చేసినప్పుడు పోసిన బుసక, దానిమీద మేస్త్రీలు వదిలేసిన సిమెంటు పెళ్లలు, సున్నం. వాన పడ్డప్పుడల్లా కొత్త గోడ నుంచి సున్నం కారి అక్కడికే దిగుతుంది. ఆ నేలలో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. అప్పుడు లేత ఆకులు పసుప్పచ్చగా తిరుగుతాయి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉంటాయి. చూసినవాళ్లు ఆకలేసిందనుకుని యూరియా గుప్పిస్తారు. దాని బాధ ఆకలి కాదు. నారుమళ్లు పాలిపోతే మన రైతులు కొట్టే అన్నభేదే దీనికీ మందు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తే తేరుకుంటుంది. కానీ నేల మారకపోతే జబ్బు మళ్లీ వస్తుంది.

ఇక నీళ్లు. భీమవరం చుట్టుపక్కల బోరు వేస్తే పడేది ఉప్పు నీరేనని నీకు నేను చెప్పనక్కర్లేదు. మీ ఊరికి తియ్యటి నీళ్లంటే గోదావరి కాలువ నీళ్లే. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. అప్పటినుంచీ విజ్జేశ్వరం దగ్గర కాలువలోకి మళ్లిన నీళ్లే మీ పశ్చిమ డెల్టాని పోషిస్తున్నాయి. కానీ దాళ్వా కోతలయ్యాక, ఎండలు ముదిరిన రోజుల్లో, మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. చెరువుల్లో నింపుకున్న నీళ్లతో ఊరంతా గడుపుకోవాలి. ఆ రోజుల్లో కుళాయి నీళ్లు తాగడానికీ వంటకీ చూసుకుని వాడుకుంటారు. గేటు దగ్గర మొక్కకి మిగిలేది బోరు నీరు. ఉప్పు నీటికి నూరు వరహాలు అంచుల నుంచి మాడిపోతుంది.

అందుకే చెబుతున్నాను, మొక్కని సంక్రాంతినాడు చూసి ఎంచుకోకు. ఆ రోజుల్లో ఏ మొక్కైనా అందంగానే ఉంటుంది, మనకీ ఓపిక ఉంటుంది. మే నెలలో మీ ఇంట్లో ఎన్ని నీళ్లుంటాయి, నువ్వూ అల్లుడుగారూ ఉద్యోగాలకి పోతే పగలు ఇంట్లో ఎవరుంటారు, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు ఎంతవరకు వంగగలరు, అవి చూసి ఎంచుకో. మనకి వీలున్న రోజున చూపించే ప్రేమతో ఏ ప్రాణీ బతకదమ్మా. వీలులేని రోజున కూడా ఎంత ఇవ్వగలమో అంతే పూనుకోవాలి. గృహప్రవేశాలకి బహుమతిగా వెళ్లిన మొక్కలు ఏడాది తిరక్కుండా ఎండిపోయాయని వింటే నాకు కడుపులో దేవినట్టుంటుంది. ఆ మొక్క వెనక ఇక్కడి నర్సరీల్లో ఎంతమంది చేతులున్నాయో నాకు తెలుసు.

కాగితం పూల మొక్క బ్రెజిల్ నుంచి వచ్చింది. 1766లో బూగెన్‌విల్ అనే ఫ్రెంచి నావికుడు భూమి చుట్టి రావడానికి బయల్దేరితే, ఆయన వెంట వెళ్లిన కొమ్మెర్సాన్ అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని రియో దగ్గర సేకరించాడు. ఆయనకి సాయంగా మగవేషంలో ఓడ ఎక్కిన ఆడమనిషి ఉంది, ఝాన్ బారే. స్త్రీలలో భూమిని చుట్టి వచ్చిన మొదటి మనిషిగా చరిత్రలో నిలిచింది ఆవిడే. ఫ్రెంచి నౌకాదళం ఓడల్లో ఆడవాళ్లని అడుగుపెట్టనివ్వని కాలంలో కొండలెక్కి మొక్కలు ఏరి మోసింది. ఆ యాత్రకి నాయకత్వం వహించినవాడి పేరే మొక్కకి పెట్టారు. గేటు దగ్గర ఆ రంగు చూసినప్పుడల్లా నువ్వు ఆవిడని తలుచుకుంటే నాకు సంతోషం.

మనం పువ్వులనుకునే ఆ రంగు రేకులు నిజానికి మారిన ఆకులు. లోపల సన్నగా, తెల్లగా ఉన్నవే అసలు పూలు. మండే ఎండ దీనికి ఇష్టం. సున్నం నేలని సహిస్తుంది, కాస్త ఉప్పునీ ఓర్చుకుంటుంది. దప్పిక తెలిస్తేనే బాగా పూస్తుంది. వానాకాలంలో ఆకు దట్టంగా వేసి, నీళ్లు తగ్గాక రంగు విప్పుతుంది. ఆదరం కొద్దీ రెండు పూటలా నీళ్లు పోస్తే ఆకులే తప్ప పువ్వు కనపడదు. మట్టి పైపైన ఆరేదాకా ఆగి, అప్పుడు పొయ్యండి. ఈ సంగతి మీ అత్తగారికి మెల్లగా చెప్పు.

దీనికి ముళ్లున్నాయి. ఇక్కడ నీ బాధ్యత పెద్దది. గోడ దాటి వీధిలోకి వంగిన కొమ్మ కూడా మీ కొమ్మే. బడికి పోయే పిల్లల కళ్ల ఎత్తుకి అది రాకముందే కత్తిరించాలి. కత్తిరించిన ముళ్ల కంపని మురిక్కాలవలో పడెయ్యకూడదు, పక్కవాళ్ల గోడకి ఆనించకూడదు. పూత అయిపోగానే కత్తిరిస్తే కొత్త కొమ్మలు వేసి వాటి చివర్నే మళ్లీ పూస్తుంది కాబట్టి దానికీ మేలే. ఇంత పని చెయ్యలేమనుకుంటే దీన్నీ వెయ్యకు. ఎవరైనా గన్నేరు సులువు కదా అంటే మాత్రం వద్దను. ఆకు దగ్గర్నుంచి గింజ దాకా విషమే, మీ బుడ్డోడిది చేతికందింది నోట్లో పెట్టుకునే వయసు.

కాబట్టి మీ గేటుకి కాగితం పూలే వెయ్యమంటాను. పూజకి పువ్వు మాటేమిటని మీ అత్తగారు అడిగితే అది న్యాయమైన ప్రశ్న. తూర్పు వరండాలో పెద్ద కుండీ పెట్టి, ఎర్రమట్టీ పశువుల ఎరువూ కలిపి, పొట్టి రకం నూరు వరహాలు పెంచుకోవచ్చు. బియ్యం కడిగిన నీళ్లు దానికి సరిపోతాయి. కానీ రెండూ ఒకేసారి కొనకు. గేటు దగ్గరది ఒక వేసవి దాటనీ.

కొనేటప్పుడు విరగబూసిన మొక్క మీదకి పోకు. కాండం గట్టిగా, ఆకు ఆరోగ్యంగా ఉందేమో చూడు. నల్ల కవరు అడుగునుంచి వేళ్లు బయటికొచ్చి మెలికలు తిరిగి ఉంటే వదిలెయ్. ఒకే కాండం మీద నాలుగు రంగులు అంటు కట్టినవి చూసి మురిసిపోతే, అంటుకి కిందనుంచి వచ్చే చిగుళ్లని ఎప్పటికప్పుడు గిల్లెయ్యాలని గుర్తుంచుకో. లేకపోతే ఆ చిగుళ్లే బలిసి రంగులన్నీ పోతాయి. పది రూపాయల దగ్గర గీచి గీచి బేరం చెయ్యకమ్మా. ఎండలో గొంతుక్కూర్చుని కవర్లలో మట్టి నింపేవాళ్లూ, కలుపు తీసేవాళ్లూ ఎక్కువమంది ఆడకూలీలే. నువ్వు తగ్గించిన పది ఎవరి కూలిలోంచి పోతుందో ఆలోచించు.

వానలు పడేలోగా గొయ్యి తవ్వించి, పెళ్లలన్నీ ఏరించి, లంక మట్టీ ఎరువూ నింపించు. నేల మట్టం కన్నా జానెడు ఎత్తుగా ఉండాలి, మీ ఊళ్లో వానలకి నీరు నిలుస్తుంది. కాగితం పూల వేరు కదిలితే అలుగుతుంది కాబట్టి, కవరు లాగకుండా బ్లేడుతో చీల్చి మట్టిముద్ద చెదరకుండా దించాలి. రెండు వానలు పడ్డాక ఏదైనా ఆదివారం కడియపులంక రండి, మొక్కలు దగ్గరుండి చూపిస్తాను. మీ అత్తగారిని కూడా తీసుకురా, రంగు ఆవిడ ఎంచుతారు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న