ఓర్పు సుఖమగునా?

శతపథబ్రాహ్మణమున మనువును గూర్చిన కథ యొకటి కలదు. ఉదయమున చేతులు కడుగుకొనుచుండగా నతని చేతిలోని కొక చిన్నచేప వచ్చి, తన్ను పెంచుమని వేడుకొనెను. ఎట్లు పెంచవలెనో కూడ నదియే చెప్పెను: మొదట కుండలో, కుండ చాలనపుడు గోతిలో, గోయి చాలనపుడు సముద్రమున విడువవలెనట. మన పండితులు ఈ కథలో జలప్రళయమునే చూతురు గాని, మాకు తొలిభాగమే యెక్కువగా రుచించును. పెంచువాడు పెంపకపు విధులను పెరుగు ప్రాణి నోటనే వినెను. నేటి చేపల పెంపకందార్ల కట్టి భాగ్యము లేదు. వారి చేప పలుకదు. దాని యీతయే దాని పలుకు. ఆ పలుకును మనము సరిగా చదువుచున్నామా యనునదియే యిచటి ప్రశ్నము.

నార్వే దేశమున 1970లో హిత్రా ద్వీపమునొద్ద గ్రోంట్‌వెట్ సోదరులు సాల్మను పిల్లలను సముద్రముపై తేలు వలదొడ్డిలో విడిచి పెంచిరి. ఆ చిన్న ప్రయత్నమే నేడు ఏటేట సుమారు 15 లక్షల టన్నుల చేపను పండించు మహాపరిశ్రమయైనది. మన మహానగరముల హోటళ్లకును ఆ చేప మంచులో వచ్చుచున్నది. ఒక దొడ్డిలో 2,00,000 చేపలకు మించి యుండరాదని యచటి నిబంధన. కొండల నడుమ చొచ్చుకొనివచ్చిన ఫియోర్డులనెడి ప్రశాంతజలములలో చోటు కరవై, సముద్రపుపేను ప్రబలుటచే, పెంపకము క్రమముగా బయలు సముద్రమువైపు జరుగుచున్నది. 2017లో ట్రొండెలాగ్ తీరమున కెదుట నిలిపిన ‘ఓషన్ ఫార్మ్ 1’ అను కట్టడపు అడ్డుకొలత 110 మీటర్లు. అందు 15 లక్షల చేపలకు చోటు కలదు.

ఈ దేశమువారే 2009లో చేసికొన్న జంతుసంక్షేమ శాసనమున, మనుష్యునకు గల యుపయోగముతో నిమిత్తము లేకయే ప్రతి జంతువునకును స్వతస్సిద్ధమైన విలువ కలదని వ్రాసికొనిరి. చేపలును అందు చేరినవి. అహింసను గూర్చి తరతరములుగా మాటలాడుచున్న మనము ఆ వాక్యమును చూచి కొంత సిగ్గుపడవలసినదే. అయినను 2023లో, కోతకు రాకమునుపే, ఆ దేశపు సముద్రపు దొడ్లలో చచ్చిన సాల్మనులు 6 కోట్ల 28 లక్షలు; నూటికి 16.7 వంతు. శాసనము వ్రాయుట యొకటి, దొడ్డి కాచుట మరియొకటి.

బయలు సముద్రమున నీరు నిర్మలము, ప్రాణవాయువు సమృద్ధి. కాబట్టి చేపకును అదియే మేలని పరిశ్రమవారి వాదము. వాదములో నిజము లేకపోలేదు. కాని చేప యేమనుచున్నదో చూతము. నిలకడనీటిలో పగటివేళ సాల్మనులు గుంపుగూడి వలవెంబడి వలయముగా తిరుగుచుండును. ఆ తిరుగుటలో వేగమును నిర్ణయించునది చేపయే. ప్రవాహము కొంత హెచ్చినచో కొన్ని తిరుగుట మాని, దాని కెదురుగా మొగము నిలిపి, ఉన్నచోటనే యీదుచుండును. ఇంకను హెచ్చినచో వలయము పూర్తిగా చెదరి, అన్నియు బారులుదీరి యెదురీదుచు నిలుచును. కెమెరాలో చూచువానికి ముచ్చటైన దృశ్యమే. సైనికుల కవాతువలె నుండును. మేము బడిపంతులము గనుక ఇట్టి క్రమమును చూచి తొందరపడి మురియము. పై యధికారి తనిఖీకి వచ్చినపుడు తరగతి యెంత నిశ్చలముగా నుండునో, ఆ నిశ్చలత్వమునకు అర్థమేమో మాకు తెలియును. వేగమును నిర్ణయించునది యిపుడు చేప కాదు, సముద్రము. అలసి వెనుకబడినచో వెనుక వల యున్నది.

సాల్మను దేహమున రెండువిధములైన కండలు కలవు. ఎఱ్ఱకండ దీర్ఘకాలపు టీతకు, తెల్లకండ క్షణకాలపు పరుగునకు. ప్రవాహము హద్దు మీరినచో తెల్లకండ పనిలోనికి దిగును. అది త్వరలోనే అలసిపోవును. ఈ హద్దు అన్ని చేపలకు నొక్కటి కాదు. పెద్దదానికంటె పిల్లచేపకు తక్కువ. నీరు మిక్కిలి చల్లబడినను తక్కువ. మొప్పలకు జబ్బు చేసినదానికి మరింత తక్కువ. ప్రయోగశాలలో కొన్ని నిమిషములు నిలిచిన వేగమును తుపానునాడు గంటలకొలది నిలుచుననుకొనరాదు.

అలలనుండి తప్పించుటకు దొడ్డిని నీటిలోపలికి దింపుట మరియొక యుపాయము. ఇందొక చిక్కున్నది. సాల్మను తన గాలితిత్తిని నీటిమీదికి వచ్చి గాలి మ్రింగి నింపుకొనవలెను. వారములకొలది పైకి రానీయనిచో తిత్తి వట్టిపోయి, దేహము బరువై, చేప తల మీదికి, తోక క్రిందికి వాల్చి ఆగక యీదవలసి వచ్చును. నీటిలోపలనే గాలిగుమ్మటమును అమర్చినచో నచటికి వచ్చి గాలి త్రాగుట నేర్చుకొనును. చేప యడిగినది తెలిసికొని యిచ్చిన సందర్భమిది. ఇట్టివి ఇంకను కావలెను.

చేపకు బాధయే లేదనువారు కలరు. 2003లో లిన్ స్నెడన్ మొదలగువారు ట్రౌటు చేపల పెదవులలో తేనెటీగ విషమును, ఆమ్లమును ఎక్కింపగా, ఆమ్లమెక్కిన చేపలు పెదవులను గులకరాళ్లకు రాచుకొనెను. మార్ఫిను ఇచ్చినపుడు అట్టి చేష్టలు తగ్గెను. మెదడులో తగిన భాగము లేనిది బాధ యెట్లని తర్కించువారి తర్కము మాకు చాలదు. సందేహమున్నచోట నష్టము ఎవరి పాలు కావలెనని యోచింతుము.

మరియొక యాక్షేపమునకు బలమెక్కువ. నదిలో పుట్టి సముద్రమునకేగి, మరల జన్మనదిని వెదకికొని జలపాతములు దుమికి యెక్కు జాతికి ప్రవాహమొక లెక్కయా? మితమైన ప్రవాహము దానికి మంచి వ్యాయామమే; అట్లు పెరిగినది బలిష్ఠమగునని మేమును ఒప్పుకొందుము. కాని అడవిసాల్మను బండచాటున ఆగును, మడుగున విశ్రమించును, వరద తగ్గువరకు వేచియుండును. దొడ్డిచేపకు ఆ మూడును లేవు. దానికి తొలగిపోవు వీలును తీసివేసినవారము మనము. కావున నెంత ప్రవాహమున నిలుపవలెనను లెక్క మనమీద పడినది. ఓర్చుకొన్నది గదా యనుట జవాబు కాదు. మన యిండ్లలోనే యెందరి యోర్పును సుఖమని పిలిచితిమో పాఠకులు తలచుకొందురు గాక.

ఆ లెక్క సగటుమీద వేయరాదు. తావును నిర్ణయించువారు అచటి పరమప్రవాహమును, దొడ్డిలో మిక్కిలి దుర్బలమైన చేపను ముందుగా చూడవలెను. ఆ దుర్బలమైనది పెక్కు దొడ్లలో సాల్మనే కాదు. పేలను వదల్చుటకు సాల్మనులను 28 నుండి 34 డిగ్రీల వేడినీటిలో అరనిమిషము ముంచుట కలదు. చల్లనినీటి చేప కది ఘోరము. అది తప్పించుటకై పేలను తిను లంపు చేపలను దొడ్డిలో విడిచిరి. అవి బొద్దుగా నుండి యీతలో మందములు. పొట్టక్రింది చూషకముతో రాతికో నాచుకో అతుకుకొని బ్రదుకునవి. సాల్మను బారులుదీరి నిలిచిన ప్రవాహమున అవి నిలువలేవు. వల కతుకుకొన్ననాడు పేలను తినలేవు.